ఐదో షెడ్యూల్ తాళంచెవి ఎవరి చేతిలో పెట్టారు?

పోస్టు పెద్దగా ఉంటది, ముందే చెప్తున్నా. తీరిక ఉన్నప్పుడే మొదలుపెట్టండి, కానీ మధ్యలో ఆపకండి.

నవంబర్ 26 వచ్చినా, జనవరి 26 వచ్చినా మన గ్రూపులో రెండు రకాల పోస్టులు పడతాయి. ఒకటి, రాజ్యాంగం మనకు అన్నీ ఇచ్చింది, దండం పెట్టుకోవాలి అని. రెండోది, అది రాసినప్పుడు మనవాళ్లను ఎవరూ అడగలేదు, కాబట్టి అది మనది కాదు అని. కింద వంద కామెంట్లు. సాయంత్రానికి ఇద్దరు ముగ్గురు గ్రూపులోంచి లెఫ్ట్ అయిపోతారు. నాకైతే ఈ రెండు మాటలూ సగం సగమే అనిపిస్తాయి. రాజ్యాంగం సుమారు మూడేళ్లు సాగిన పెద్ద బేరం. అందులో మనవైపు నుంచి గట్టిగా మాట్లాడినవాళ్లు ఉన్నారు. కొన్ని సాధించారు, కొన్ని పోగొట్టుకున్నారు. పోగొట్టుకున్నవాటిలో ఒకదాని దెబ్బ ఈరోజు మన ఇళ్లల్లో డీఎస్సీ పుస్తకాలు ముందేసుకుని కూర్చున్న అక్కలకు తగులుతోంది. ముఖ్యంగా దాని గురించే ఈ పోస్టు.

ముందు సభ సంగతి చెప్తా. 1946 డిసెంబర్ 9న ఢిల్లీలో రాజ్యాంగ సభ మొదటిసారి కూర్చుంది. దేశానికి ఇంకా స్వాతంత్ర్యం రాలేదు. సభ్యులను జనం నేరుగా ఎన్నుకోలేదు, రాష్ట్రాల శాసనసభలు ఎన్నుకున్నాయి. ఆ శాసనసభల ఎన్నికల్లోనూ ఓటు అందరికీ లేదు. ఆస్తో, పన్నో, చదువో ఉండాలి. పోడు కొట్టుకుని బతికే మా ముత్తాత లాంటి మనిషికి ఆ మూడింట్లో ఏదీ లేదు. హైదరాబాద్ సంస్థానం సంగతి ఇంకా అన్యాయం. అక్కడి నుంచి ఆ సభకు ప్రతినిధులే వెళ్లలేదు. 1948 సెప్టెంబర్ దాకా నిజాం ఇండియాలో కలవనే లేదు, తర్వాత 1949 నవంబర్‌లో ఈ రాజ్యాంగాన్ని ఒప్పుకుంటున్నట్టు ఫర్మానా ఇచ్చాడు. అంటే ఆదిలాబాద్ గోండులు, కొలాములు, వరంగల్ వైపు కోయల గురించి రాస్తున్నప్పుడు వాళ్ల ప్రాంతం కుర్చీలు ఖాళీ. సభ మొదలయ్యేనాటికి జోడేఘాట్‌లో కొమరం భీమ్ చనిపోయి ఆరేళ్లే అయింది.

గోదావరి, విశాఖ ఏజెన్సీలు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. మద్రాసు నుంచి వెళ్లిన తెలుగు పెద్దలు, ప్రకాశం పంతులు గారు, ఎన్.జి. రంగా గారు, దుర్గాబాయి గారు, అందరూ మైదాన ప్రాంతంవాళ్లు. వీళ్లలో రంగా గారిని గుర్తుపెట్టుకోవాలి. అల్పసంఖ్యాకులు అని ఎవరెవరినో అంటున్నాం, అసలు రక్షణ కావాల్సింది ఈ దేశంలో పేద జనానికి అని ఆయన సభలో అన్నాడు. వ్యాపారులు ఏజెన్సీలోకి వచ్చి ఆదివాసుల భూములు లాక్కుంటున్నారని, వడ్డీ వ్యాపారులు పత్రాలు రాయించుకుని వాళ్లను బానిసల్లా మార్చేస్తున్నారని చెప్పాడు. నిడుబ్రోలు రైతు కుటుంబం నుంచి వచ్చిన మనిషి ఆ మాట అనడం చిన్న విషయం కాదు. అయినా మన గురించి వేరేవాళ్లు చెప్పడం వేరు, మనం చెప్పుకోవడం వేరు.

మన నోటితో చెప్పినవాడు జైపాల్ సింగ్ ముండా. ఆయన పేరు చాలామందికి హాకీ వల్ల తెలుసు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం కొట్టిన ఇండియా జట్టుకు కెప్టెన్. ఇప్పటి జార్ఖండ్‌లో ఖూంటీ వైపు ఒక ముండా ఊళ్లో పుట్టి, ఆక్స్‌ఫర్డ్ దాకా వెళ్లి చదివాడు. 1939లో ఆదివాసీ మహాసభకు నాయకుడయ్యాడు. 1946 డిసెంబర్ 19న, నెహ్రూ గారు పెట్టిన ఆశయాల తీర్మానం మీద చర్చలో ఆయన లేచాడు. నేను జంగ్లీనే, మావైపు మమ్మల్ని అలాగే పిలుస్తారు, ఆ పేరు చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు అన్నట్టు మొదలుపెట్టాడు. ఆరువేల ఏళ్లుగా మావాళ్లు బాధలు పడుతూనే ఉన్నారన్నాడు. ఆదివాసులకు ప్రజాస్వామ్యం మీరు నేర్పలేరు, మీరే వాళ్ల దగ్గర నేర్చుకోవాలన్నాడు. ఈ సభలో మగవాళ్లు మరీ ఎక్కువైపోయారు, ఆడవాళ్లు కావాలి అని కూడా అన్నాడు. (మన గ్రూపు అడ్మిన్ల లిస్టు చూసినప్పుడల్లా నాకు ఈ మాటే గుర్తొస్తది.) ఇంత చెప్పి చివర్లో, కొత్త అధ్యాయం మొదలుపెడుతున్నాం అని మీరంటున్నారు, మీ మాట నమ్ముతున్నాను అన్నాడు.

ప్రజాస్వామ్యం మా దగ్గర నేర్చుకోండి అన్నది చప్పట్ల కోసం అన్న మాట అని మా క్లాసులో ఒకడు వాదించాడు. వాడికి నేను మా ఊరి సంగతి చెప్పా. మా కోయ ఊళ్లో భూమి పండుగ ఏ రోజు చెయ్యాలో పటేల్ ఒక్కడే చెప్పడు. అందరూ చెట్టు కింద కూర్చుంటారు. చేతులెత్తి లెక్కపెట్టడం ఉండదు. అందరూ ఊ అనేదాకా కూర్చోవడమే. మూడేళ్ల కింద ఒక ముసలమ్మ మా ఇంట్లో మైల ఇంకా తీరలేదు అంటే, ఊరంతా పండుగను వారం వెనక్కి జరిపింది. అదే హాస్టల్లో కూరగాయ మార్చాలన్నా మమ్మల్ని అడిగే దిక్కు లేదు. అట్లని మన ఊళ్లన్నీ బంగారమని నేను అనను. కుల పంచాయతీలో ఆడవాళ్లను మాట్లాడనివ్వని ఊళ్లు కూడా నాకు తెలుసు.

అంబేడ్కర్ గారు 1948 నవంబర్ 4న ముసాయిదాను సభ ముందు పెడుతూ, మన దేశపు ఊరంటే సంకుచితత్వం, అజ్ఞానం నిండిన చోటు అని తీసిపారేశారు. ఆయన చూసిన ఊరు వేరు. చెరువు నీళ్లు తాగనివ్వని ఊరు, గుడి మెట్లు ఎక్కనివ్వని ఊరు. ఆ ఊరి చేతికి అధికారం ఇస్తే దళితుల గతి ఏమవుతుందో ఆయనకు ఒంటి మీద దెబ్బలతో తెలుసు. కాబట్టి ఆయన మాటలో న్యాయం ఉంది. చిక్కేమిటంటే, ఊళ్లన్నిటినీ ఒకే గాటన కట్టేసరికి మన గూడేలు కూడా అందులోనే పడ్డాయి.

చర్చల్లో చిన్న చిన్న చోట్ల కూడా జైపాల్ సింగ్ వదల్లేదు. మద్యనిషేధం ఆదేశిక సూత్రాల్లో పెట్టాలన్నప్పుడు, బియ్యంతో కాచే మా సారా మా దేవుళ్ల పూజలో భాగం, మా మత హక్కులో మీరు వేలు పెడుతున్నారు అన్నాడు. జీలుగు కల్లు, ఇప్పసారా లేకుండా మన కొలుపులు ఊహించుకోండి, ఆయన దేని గురించి మాట్లాడాడో తెలుస్తది. పేరు కోసం కూడా కొట్లాడాడు. ఆదివాసి అనే మాటే ఉండాలి, అడవి జాతి అన్న అర్థం వచ్చే మాటలు వద్దు అన్నాడు. ఆదివాసి అనేది మామూలు వాడుక మాట, దానికి చట్టంలో కచ్చితమైన అర్థం లేదు, షెడ్యూల్డ్ తెగ అంటే లిస్టు ఉంటది కాబట్టి హక్కు ఎవరిదో తేలుతుంది అని అంబేడ్కర్ గారు జవాబిచ్చారు. అక్కడ మనం ఓడాం. సర్టిఫికెట్ల కోసం తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరిగేవాళ్లకు ఆ లిస్టు విలువా తెలుసు, ఆ లిస్టు పెట్టే బాధా తెలుసు.

సాధించినవి కూడా చెప్పాలి. దేశంలో ఎవరైనా ఎక్కడైనా తిరగొచ్చు, స్థిరపడొచ్చు అని 19వ అధికరణం చెప్తుంది. అయితే షెడ్యూల్డ్ తెగల ప్రయోజనం కోసం దానికి హద్దులు పెట్టొచ్చని అదే అధికరణం ఐదో క్లాజులో ఉంది. ఏజెన్సీలో బయటివాళ్ల వలసకు, భూమి కొనుగోళ్లకు అడ్డుకట్ట వేసే ఏ చట్టానికైనా ఇది వెన్నుదన్ను. చట్టసభల్లో సీట్ల రిజర్వేషన్ వచ్చింది. మొదట పదేళ్లకే అన్నారు, పెంచుకుంటూ వచ్చి ఇప్పుడు 2030 దాకా ఉంది.

ఇక అసలు విషయం. మన ప్రాంతాలను ఎట్లా పాలించాలో తేల్చడానికి రెండు ఉపసంఘాలు వేశారు. అస్సాం కొండల కోసం గోపీనాథ్ బర్దొలాయ్ అధ్యక్షతన ఒకటి, మిగతా దేశం కోసం ఠక్కర్ బాపా అధ్యక్షతన ఇంకొకటి. బర్దొలాయ్ కమిటీలో ఖాసీ నాయకుడు నికొల్స్ రాయ్ ఉన్నాడు. జైపాల్ సింగ్ ఠక్కర్ కమిటీలో ఉన్నాడు. అస్సాం కమిటీ నుంచి ఆరో షెడ్యూల్ పుట్టింది. మన కమిటీ నుంచి ఐదో షెడ్యూల్ పుట్టింది. రెండూ అక్కాచెల్లెళ్లలా పక్కపక్కనే ఉంటాయి గానీ, ఒకదానికి ఇంటి తాళం ఇచ్చారు, రెండోదానికి తలుపు కొట్టుకునే హక్కు ఇచ్చారు.

ఆరో షెడ్యూల్‌లో జిల్లా మండలులు ఉంటాయి. మొదట రాసినప్పుడు ఒక్కో మండలికి 24 మంది దాకా సభ్యులు, అందులో కనీసం మూడొంతుల మందిని వయోజనులందరూ ఓటు వేసి ఎన్నుకోవాలి. భూమి, రిజర్వు కాని అడవి, పోడు, వారసత్వం, పెళ్లి, ఊరి పాలన, వీటి మీద ఆ మండలి తానే చట్టం చేసుకోవచ్చు. ఊరి కోర్టులు పెట్టొచ్చు. కొన్ని పన్నులు వెయ్యొచ్చు. గనుల రాయల్టీలో వాటా కూడా ఉంది.

ఐదో షెడ్యూల్‌లో మనకు ఉన్నది గిరిజన సలహా మండలి. ఇరవై మందికి మించకుండా సభ్యులు, వాళ్లలో సుమారు మూడొంతులు ఎస్టీ ఎమ్మెల్యేలు. పని ఏమిటి? సలహా ఇవ్వడం. దేని మీద? గవర్నర్ తమకు పంపిన విషయం మీద. ఆ చివరి మాటను ఇంకోసారి చదవండి. మీ గూడెం కింద గని తవ్వుతున్నా, మీ బడి మూస్తున్నా, గవర్నర్ అడిగితేనే ఆ మండలి నోరు విప్పాలి. ఇక గవర్నర్ మంత్రివర్గం చెప్పినట్టే నడుస్తాడని మనందరికీ తెలిసిందే.

ఇది మొదటి నుంచీ ఇట్లా లేదు. అందుకే నాకు కడుపు మండేది. 1948 ఫిబ్రవరి ముసాయిదా ఐదో షెడ్యూల్‌లో మండలి మాటకు బరువు ఉండేది. పెళ్లి, వారసత్వం, ఆచారాలు, భూమి, ఊరి పాలన లాంటి విషయాల్లో ఏదైనా చట్టం మన ప్రాంతానికి పనికిరాదని మండలి చెప్తే దాన్ని ఆపే పద్ధతి అందులో ఉంది. 1949 సెప్టెంబర్ 5న అంబేడ్కర్ గారు సభ ముందు కొత్త ఐదో షెడ్యూల్ పెట్టారు. అందులో నిర్ణయం గవర్నర్‌ది అయింది, మండలి పక్కన కూర్చుని సలహా చెప్పేది అయింది. మండలి నడుం విరిచేశారని జైపాల్ సింగ్ ఆ రోజే అన్నాడు. సభ వినింది, ఆమోదించింది, మరుసటి అంశానికి వెళ్లిపోయింది.

ఈ తేడా ఎందుకు చేశారంటే, అంబేడ్కర్ గారు ఆ చర్చలోనే కారణం చెప్పారు. అస్సాం బయట ఉన్న గిరిజనులు చుట్టూ ఉన్న జనంలో దాదాపు కలిసిపోయారు, హిందువుల పద్ధతుల్లోకి వచ్చేశారు, అస్సాం కొండలవాళ్లు అట్లా కాదు, వాళ్ల వ్యవస్థ వాళ్లది అన్నారు. గోండుల పేర్సాపేన్ కొలుపు చూసినవాళ్లు, కోయల గట్టు గోత్రాలు తెలిసినవాళ్లు ఆ మాట ఒప్పుకోరు. నేనూ ఒప్పుకోను. ఇంకో కారణం ఆయన చెప్పలేదు గానీ చరిత్ర చదివితే కనబడుతుంది. అస్సాం సరిహద్దు రాష్ట్రం, నాగా కొండల్లో అప్పటికే వేరే దేశం మాట వినబడుతోంది. వాళ్లను కలుపుకోవాల్సిన అవసరం ఢిల్లీకి ఉంది. ఆరో షెడ్యూల్‌ను కూడా అస్సాం సభ్యులు కొందరు తిట్టారు, ఇది ట్రైబల్‌స్థాన్‌కు దారి తీస్తుందన్నారు. బర్దొలాయ్, నికొల్స్ రాయ్ నిలబడ్డారు కాబట్టి నిలబడింది. మన దగ్గర రంప పితూరీ, జోడేఘాట్ అప్పటికే అణిగిపోయిన కథలు. అణిగిపోయినవాళ్లతో బేరం ఎవరు చేస్తారు?

ఇంతకీ 1949 సంగతి మనకు ఇప్పుడెందుకు అని అడిగే తమ్ముళ్ల కోసం మూడు విషయాలు.

గవర్నర్ చేతిలోని ఆ తాళంచెవి మంచికి తిరిగిన రోజులూ ఉన్నాయి. 1959 భూబదలాయింపు రెగ్యులేషన్, దానికి 1970లో చేసిన సవరణ, మనం 1/70 అని పిలుచుకునేది, ఐదో షెడ్యూల్ అధికారంతో వచ్చినవే. ఏజెన్సీలో గిరిజనేతరుడి పేరు మీదకు భూమి మారితే చెల్లదు. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లింది. ఆ రెగ్యులేషన్‌లో వ్యక్తి అంటే ప్రభుత్వం కూడా, కాబట్టి షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని ప్రైవేటు గనుల కంపెనీకి లీజుకు ఇవ్వకూడదు అంది. అనంతగిరి మండలం గూడేలవాళ్ల కోసం మొదలైన కేసు అది. దేశమంతా దాన్ని చదువుతున్నారు.

రెండోది జీవో నంబర్ 3. 2000లో ఉమ్మడి రాష్ట్ర గవర్నర్ అదే ఐదో షెడ్యూల్ అధికారంతో ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులు నూటికి నూరు స్థానిక గిరిజనులకే అన్నారు. పిల్లల భాష తెలిసిన టీచర్, వానాకాలం వాగు పొంగినా బడికి వచ్చే టీచర్ కావాలని. ఒకటో తరగతిలో నాకు కోయలో సైగ చేసి తెలుగు నేర్పిన సారు అట్లా వచ్చినవారే. 2020 ఏప్రిల్ 22న ఐదుగురు జడ్జీల సుప్రీంకోర్టు బెంచి ఆ జీవోను కొట్టేసింది. నూరు శాతం మిగతావాళ్లకు అన్యాయం, గవర్నర్ అధికారం ప్రాథమిక హక్కులను దాటిపోదు అంది. మా పెద్దమ్మ కూతురు డీఎడ్ చేసి ఆ జీవో మీద ఆశ పెట్టుకుంది. ఇప్పుడు మిర్చి కోతకు వెళ్తోంది. నిజం చెప్పాలంటే ఆరో షెడ్యూల్ ఉన్నా కోర్టు కొట్టేసే అవకాశం ఉండేదే, ప్రాథమిక హక్కులు అక్కడా వర్తిస్తాయి. నా బాధ వేరే. తీర్పు తర్వాత ఏం చెయ్యాలి, నూరు కాకపోతే ఎంత, స్థానిక భాషకు మార్కులు పెట్టొచ్చా, ఇదంతా మనవాళ్లు కూర్చుని సొంతంగా తేల్చి చట్టంగా రాసే చోటు మనకు లేదు. మండలి ఉంది, అడిగితే చెప్తుంది.

మూడోది నాకు బాగా నచ్చిన విషయం, మన మీటింగుల్లో ఎవరూ చెప్పరు. 1996 పీసా చట్టం అంటే గ్రామసభ అని మాత్రమే మాట్లాడుకుంటాం. దాని నాలుగో సెక్షన్ చివరికి పోతే ఒక లైను ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో జిల్లా స్థాయి పంచాయతీలకు పాలన ఏర్పాట్లు చేసేటప్పుడు రాష్ట్ర శాసనసభ ఆరో షెడ్యూల్ పద్ధతిని అనుసరించడానికి ప్రయత్నించాలి అని. అంటే 1949లో మనకు అక్కర్లేదన్న దాన్నే 47 ఏళ్ల తర్వాత పార్లమెంటు సగం గొంతుతో ఒప్పుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2011లో పీసా రూల్స్ వచ్చాయి, గ్రామసభల గురించి రాశారు. జిల్లా మండలి మాత్రం ఎక్కడ?

దీనికి రాజ్యాంగ సవరణ కావాలి, అది మనవల్ల అయ్యే పని కాదు అని కొందరు సీనియర్ అన్నలు అంటారు. ఐదో షెడ్యూల్ చివరి పేరా, ఏడోది, తీసి చూడండి అన్నా. పార్లమెంటు మామూలు చట్టంతోనే ఈ షెడ్యూల్‌ను మార్చొచ్చు, దాన్ని రాజ్యాంగ సవరణగా లెక్కించక్కర్లేదు అని అక్కడ రాసి ఉంది. మూడింట రెండొంతుల మెజారిటీ అక్కర్లేదు. ఇది రెండంచుల కత్తి. మండలి తనంతట తాను విషయం చేపట్టొచ్చు అని రెండు లైన్లు కలపడం ఎంత సులువో, ఉన్నదాన్ని పలచన చెయ్యడం కూడా అంతే సులువు. మనం నిద్రపోతే రెండోదే జరిగే వీలు ఎక్కువ.

ఆరో షెడ్యూల్ వస్తే స్వర్గం దిగివస్తదని నేను అనట్లేదు. అక్కడ డబ్బు కోసం మండలులు రాష్ట్ర ప్రభుత్వం వైపే చూస్తాయి, పెద్ద తెగ చిన్న తెగను తొక్కేస్తుందన్న గొడవలూ ఉన్నాయి. మన దగ్గర మండలి వస్తే కొలాములకు, కొండరెడ్లకు, చెంచులకు కుర్చీ ఎట్లా దక్కాలో ముందే రాసుకోవాలి. లేకపోతే 1946లో మనకు జరిగిందే మనం వాళ్లకు చేస్తాం.

జైపాల్ సింగ్ గొప్పతనం గురించి ఫొటోలు పెట్టుకుందాం, తప్పు లేదు. దానితోపాటు ఆయన ఆ రోజు ఎక్కడ ఆగాడో అక్కడి నుంచి మొదలుపెడదాం. ముందు మన సలహా మండలి ఏం చేస్తోందో తెలియాలి కదా. సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు రాశాను. గత ఐదేళ్లలో మండలి ఎన్నిసార్లు కూర్చుంది, గవర్నర్ ఏ ఏ విషయాలు పంపారు, మండలి ఏం చెప్పింది, దాంట్లో ఎన్ని అమలయ్యాయి, మినిట్స్ కాపీ ఇవ్వండి, ఇంతే. నా ఇంగ్లిష్ అంతంతమాత్రం కాబట్టి తెలుగులోనే రాశా. రెండు రాష్ట్రాలకూ వేరువేరుగా పంపాలి. ఆంధ్ర వైపు నుంచి ఎవరైనా అక్క గానీ అన్న గానీ తమ పేరుతో పంపుతామంటే కింద కామెంట్ పెట్టండి, కాపీ పంపిస్తా. పది రూపాయల ఫీజు నేనే పెట్టుకుంటా. లా చదివే సీనియర్లు ఎవరైనా ఉంటే సోమవారం లోపు ఒకసారి చూసి దిద్దండి, మంగళవారం పోస్టులో వేస్తా.

జై ఆదివాసీ.